వెనక్కి చూసే ఎద్దు

మా తాతకి మొలతాడు కట్టకముందు, మీ తాత సంగతి ఎవరూ తలవకముందు, వేమలదిన్నె అని ఒక ఊరు. ఆ ఊళ్ళో కుమ్మరోళ్ళ ఇల్లు ఒకటి. ఆ ఇంటికి కోడలుగా వచ్చింది సిద్ధమ్మ. ఊఁ కొట్టండి మరి, ఊఁ కొట్టకపోతే నేను చెప్పను.

సిద్ధమ్మ కుడిచెయ్యి చిన్నప్పుడే కుండలు కాల్చే ఆవం దగ్గర కాలింది. వేళ్ళు ముడుచుకుపోయాయి, మళ్ళీ తెరుచుకోలేదు. కాళ్ళు మాత్రం గట్టివి. ఆ కాళ్ళు చూసే అత్త ఓబులమ్మ కోడల్ని చేసుకుంది. కుమ్మరింట్లో మట్టి తొక్కేవాళ్ళు కావాలి కదా.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. ఏరువాక పున్నమికి ప్రతి రైతింటికీ కుమ్మరింటి నుంచి మట్టి ఎద్దు పోవాలి. దానికి పసుపు కుంకుమ పెట్టి, బెల్లం పొంగలి పెట్టి, ఆ తర్వాతే నాగలి కట్టాలి. కుండలు మగవాళ్ళ పని, ఎద్దులు ఆడవాళ్ళ పని. ఓబులమ్మ చేసిన ఎద్దంటే ఎద్దే. సన్నటి మెడ, సరిసమానంగా కొమ్ములు, రంకె వెయ్యడమొక్కటే తక్కువ.

సిద్ధమ్మకి ఆ ఎద్దుల మీదే ప్రాణం. తొక్కిన మట్టిలోంచి చిన్న ముద్ద తీసి కొంగులో దాచుకునేది. అత్త కంట పడేది.

"మట్టి తొక్కవే అమ్మీ. ఎద్దుల జోలికి రాకు" అనేది ఓబులమ్మ.

మరుసటేడూ అంతే. ఆ పైయేడూ అంతే. మట్టి తొక్కవే అమ్మీ, ఎద్దుల జోలికి రాకు. ఓబులమ్మ చెడ్డదేం కాదు. నోరే అంత, మనసు వెన్న.

ఒక ఏడు ఓబులమ్మ కళ్ళకి పొరలు కమ్మాయి. ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆనడం లేదు. ఏరువాక దగ్గర పడుతోంది. ఊరి పెద్దలు వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

"ఎద్దులు రాకపోతే పొరుగూరి కుమ్మరిని పిలుచుకుంటాం ఓబులమ్మా. పిలిచామంటే ఇక ఆ హక్కు వాళ్ళదే, మళ్ళీ మీకు రాదు."

వాళ్ళటు పోగానే ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మా అత్త నాకిచ్చి పోయిన పని. నా చేతుల్లో పోతోంది" అంది.

"నేను చేస్తానత్తా" అంది సిద్ధమ్మ.

ఓబులమ్మ వద్దనలేదు, అదే పదివేలు.

సిద్ధమ్మ వాకిట్లో కూర్చుని మొదటి ఎద్దు చేసింది. ముడుచుకున్న వేళ్ళకి మెడ కుదరలేదు, తల ఊడి కింద పడింది. నీళ్ళకి పోయే ఆడవాళ్ళు చూసి నవ్వారు. "చెయ్యి వంకర, ఎద్దు వంకర." రెండోది చేసింది. తల వాలిపోయి మూతి మట్టిలో గుచ్చుకుంది. "చెయ్యి వంకర, ఎద్దు వంకర." మూడోదానికి మట్టి మీద మట్టి మెత్తి మెడ లావు చేసింది. అయినా తల వాలిపోతూనే ఉంది. "అయ్యో, పందికి కొమ్ములు పెట్టిందే" అని ఆ ఆడవాళ్ళు బిందెలు దించి మరీ నవ్వారు.

సిద్ధమ్మకి కళ్ళనిండా నీళ్ళు. వాలిపోతున్న తలని మణికట్టుతో పట్టుకుంది, ఎటు పెట్టాలో తెలియక పక్కకి తిప్పి మూపురానికి ఆనించింది. మెల్లగా చెయ్యి తీసింది. తల పడలేదు. ఎద్దు మెడ తిప్పి వెనక్కి చూస్తోంది.

చూసేసరికి సిద్ధమ్మకి పుట్టింటి ఎద్దు గుర్తొచ్చింది. కాపురానికి వచ్చిన రోజు కన్న తల్లి కూడా ఏడుపు దాచుకోను లోపలికి పోయింది. కొట్టం దగ్గర కట్టేసిన బూడిదరంగు ఎద్దొక్కటే, బండి మలుపు తిరిగేదాకా మెడ తిప్పి ఇట్టాగే చూసింది. ఇన్నేళ్ళలో సిద్ధమ్మ ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

"నువ్వట్రా" అంది మట్టి ఎద్దుతో.

ఇక ఆమె చేతులు ఆగలేదు. కొమ్ములు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కాళ్ళు రోకలి ముక్కలు. కానీ అన్నీ వెనక్కే చూస్తున్నాయి.

ఏరువాక పొద్దున గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. మొదటి ఇల్లు ముసలి రైతు నారప్పది. ఊళ్ళో ఆయన నోటికి జడవనివాళ్ళు లేరు. ఏమంటాడో విందామని ఆ నవ్విన ఆడవాళ్ళూ వెనకే వచ్చారు. నారప్ప ఎద్దుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"బాగాలేదా మామా?" అంది సిద్ధమ్మ.

"మా ఎద్దు మల్లెగాడే తల్లీ" అన్నాడు నారప్ప. "దున్నేటప్పుడు నాగటి చాలు చివర ఆగి, నేనొస్తున్నానా లేదా అని ఇట్టాగే చూసేవాడు. వాడు పోయి ఎన్నేళ్ళయిందో." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మీ అత్త ఎద్దులకి దండం పెట్టాను. దీన్ని ముద్దు పెట్టుకోవాలనుంది."

నవ్విన ఆడవాళ్ళే ముందుకొచ్చి, మాకొకటి, మాకొకటి అని గంప దాదాపు ఖాళీ చేశారు.

మిగిలిన ఒక్క ఎద్దునీ ఇంటికి తెచ్చి అత్త చేతుల్లో పెట్టింది. ఓబులమ్మ తడిమింది. కాళ్ళు లావు. కొమ్ములు ఎచ్చుతగ్గులు. అత్త వేళ్ళు మెడ దగ్గర ఆగాయి.

"ఎటు చూస్తోందే ఇది?"

"వెనకొచ్చేవాళ్ళని చూస్తోందత్తా."

ఓబులమ్మ చాలాసేపు ఆ మెడ మీదనుంచి చెయ్యి తియ్యలేదు. తర్వాత కోడలి ముడుచుకున్న చేతిని వెతికి పట్టుకుంది.

"వచ్చే ఏడు నుంచి మట్టి నేను తొక్కుతా. ఎద్దుల సంగతి నువ్వు చూసుకో" అంది.

సిద్ధమ్మ నిండుగా బతికి పోయింది. ఆమె పోయిన ఏడు ఆ ఇంటికొచ్చిన ఇంకో కోడలు, చక్కని వేళ్ళున్న పిల్ల, మెడ తిన్నగా పెట్టి ఎద్దులు చేసింది. "బాగున్నాయమ్మా, కానీ ఇవి మనల్ని చూడట్లేదే" అన్నారు రైతులు. ఆ పిల్ల నొచ్చుకోలేదు. ఇంటికి పోయి మెడలు తిప్పి తెచ్చింది.

ఇప్పటికీ వేమలదిన్నెలో ఏ పిల్ల అయినా నాకు చేతకాదని పని పక్కన పెడితే, "మెడ తిప్పి చూడవే" అంటారు. ఏరువాక నాడు ఎద్దుని గూట్లో పెట్టి, ఇంటిల్లిపాదీ దాని చూపు ఎటుంటే అటు నిలబడతారు. మధ్యలో కాస్త చోటు వదిలేస్తారు, పోయినవాళ్ళు వచ్చి నిలబడతారని.