పచ్చి తలకాయ, వేడి సంకటి

వేరుశనగ పీకేసిన చేలల్లోకి గొర్రెల మందలు దిగే కాలం. ఎర్రగుట్టల కింద ఓబులక్క మంద దిగింది. నూట ఎనభై గొర్రెలు, వాటి చుట్టూ ముళ్లకంప, సామాను మోయడానికి గాడిద వీరన్న, కాపలాకి జాజి. గోడకి పూసే ఎర్రమట్టి జాజు రంగులో ఉంటుంది కాబట్టి ఆ కుక్కకి ఆ పేరు పెట్టారు. నాలుగూళ్లలో దాన్ని మించిన కాపలా కుక్క లేదని ఓబులక్క అంటుండేది. ఆ మాట చెవిన పడ్డ రోజు జాజి తోక దించితే ఒట్టు.

పొద్దుగూకే వేళకి ఓబులక్క మూడు రాళ్ల పొయ్యి మీద రాగి సంకటి కెలికేది. మొదటి ముద్ద తనకి కాదు, జాజికి. కంప పక్కనున్న రాతి గిన్నెలో ముద్ద పెట్టి, పైన ఇంత పులుసు పోసి, "దా తల్లీ" అని పిలిచి, అప్పుడు వెళ్లి తను తినేది. మూణ్ణెల్లకోసారి ఆ ముద్దలో, కడుపులో పురుగులు పోవడానికి పశువుల డాక్టరిచ్చిన తెల్ల బిళ్ల దాచేది. జాజి మూతి ముడుచుకుంటూనే మింగేది.

ఓబులక్కకి ఒక కట్టుబాటు ఉంది. గొర్రె చస్తే దాని తలకాయ కుక్కకి పచ్చిగా పెట్టదు. ఉడికించి, లోపల మెదడు తెల్లబడ్డాకే పెడుతుంది. లేదంటే నడుం లోతు గుంత తీసి పూడ్చి, పైన బండ దొర్లిస్తుంది. ఎందుకని ఎవరన్నా అడిగితే "మా అత్త చెప్పింది" అనేది. అంతకుమించి ఆమెకీ తెలియదు.

ఒకనాడు తెల్లారగట్ల జాజి తలెత్తి చూస్తే గుట్ట మీద తోడేలు ఉంది. ఆడ తోడేలు, ముసలిది, డొక్కలు లోపలికి పోయాయి. అయినా ఎంత ఠీవిగా నిలబడింది! ఆ గుట్టా ఆ ఆకాశమూ తనకే రాసిచ్చినట్టు నిలబడింది. గాలి దాని మెడ మీద జూలుని దువ్వుతోంది. దాన్ని రమ్మనేవాళ్లు లేరు, పొమ్మనేవాళ్లు లేరు. జాజి గొంతు దాకా వచ్చిన మొరుగు అక్కడే ఆగిపోయింది. ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. బుద్ధి తెలిశాక తోడేల్ని చూసి మొరగకపోవడం దానికి అదే మొదటిసారి.

"చూస్తివా చెల్లీ?" అంది కంప అవతల నుంచి ఒక గొంతు. చూస్తే గుంటనక్క.

"పో ఇక్కణ్ణించి. మొరిగినానంటే ఓబులక్క కట్టె తీసుకొని వస్తాది," అంది జాజి.

"తోడేల్ని చూసి మొరగనిదానివి నన్ను చూసి మొరుగుతావా?"

జాజికి సిగ్గుతో చెవులు వాలిపోయాయి.

"తప్పేముందిలే. అది మీ అవ్వ. మీ అవ్వకి అవ్వ. మీదంతా ఒకటే నెత్తురు. నీ కోరలు ఎట్లుండాయో ఎప్పుడన్నా చూసుకుంటివా? రాగి ముద్ద మింగేదానికేనా దేవుడు ఆ కోరలిచ్చింది?"

పక్కన గడ్డి నములుతున్న వీరన్న తల తిప్పాడు. గాడిదే అయినా మందలో అందరికంటే పెద్దవాడు కాబట్టి అతన్ని అందరూ మామా అనేవాళ్లు. "కోరలిచ్చింది దేవుడైతే ముద్ద పెట్టేది ఓబులక్క. మధ్యలో నీకేం పని నక్కా?" అన్నాడు.

"గడ్డి తినేవాళ్లతో నాకు వాదన లేదు వీరన్నా."

"మరి నువ్వేం తింటావో చెప్పు."

"పచ్చిది! మా వంశంలో ఉడికింది ముట్టినోళ్లే లేరు. నిప్పు తగిలితే మాంసంలో బలం పోతాది. బలం పోతే పౌరుషం పోతాది. పౌరుషం పోయినాక ఏం మిగుల్తాదో చూడాలంటే ఈ గిన్నెలోకి తొంగి చూడండి."

జాజి నిజంగానే గిన్నెలోకి తొంగి చూసింది. అడుగున ఎండిన పులుసు మరకా, రెండు చీమలూ ఉన్నాయి. నిన్నటిదాకా ఎంతో ముద్దుగా కనిపించిన గిన్నె ఇప్పుడు వెలవెలబోతూ కనిపించింది.

మర్నాడు సాయంత్రం నక్క ఒక గొర్రె తలకాయ తెచ్చి పొద కింద పెట్టింది. ఏటవతల మందవాళ్లు చచ్చిన గొర్రెల్ని వంకలో పారేస్తారు, అక్కణ్ణించి తెచ్చింది.

"ఓబులక్క పచ్చి తలకాయ తిననీదన్నా. వాళ్లత్త చెప్పిందంట," అంది జాజి.

"ఆ అత్త కుక్కా? తోడేలా? నీ కడుపు సంగతి ఆమెకెట్ల తెలుస్తాది?"

జాజి తలకాయని ఒకసారి వాసన చూసింది. "మరి నా ముద్ద ఏం చేసేది? గిన్నెలో మిగిలితే ఆయమ్మ నొచ్చుకుంటాది."

"నోట కరుచుకొచ్చి ఈ పొద కింద పెట్టు. నేను మోసుకుపోయి వాగులో పారేస్తా."

"నీకెందుకన్నా అంత శ్రమ?"

"నీ మేలు కోసం ఆ మాత్రం మోయలేనా?" అంది నక్క. ఆ మాటకి జాజి కళ్లు చెమర్చాయి.

పచ్చి నెత్తురు నాలుకకి తగిలేసరికి గుట్ట మీది గాలి తన మెడకే తగిలినట్టయింది దానికి. ఆ రోజు మొదలుకొని ప్రతి సాయంత్రం ముద్ద పొద కిందికి పోయేది. నక్కకి దొరికినప్పుడల్లా పచ్చి తలకాయో పేగులో జాజికి వచ్చేవి. తెల్లారగానే జాజి గుట్ట వైపు చూసేది. తోడేలు కనిపించిన రోజు పండగే. వీరన్న మాత్రం "ముద్దలో బిళ్ల కూడా నక్కే పారేస్తోందా?" అని ఒకసారి అడిగాడు. జాజి వినిపించుకోలేదు.

చలి పోయింది. ఎండలు ముదిరాయి. ఎర్రగుట్టల చుట్టూనే మంద చేను మార్చి చేను తిరుగుతోంది. అప్పుడు ఒక గొర్రెపిల్లకి జబ్బు చేసింది. తల ఒక పక్కకి వాల్చి, ఉన్నచోటనే గిరగిరా తిరగసాగింది. మేత లేదు, నీళ్లు లేవు. మంద ముందుకి పోతే అది వెనక తిరుగుతూ ఉండిపోయింది. జాజి ముందు వరస నుంచి వెనక్కి వచ్చేసరికి పిల్ల లేదు, నేల మీద నెత్తురు చారిక ఉంది. పది రోజులకి రెండోదీ అలాగే పోయింది.

మూడోది బొట్టు. నుదుటి మీద తెల్ల మచ్చతో పుట్టింది, తల్లి పాలివ్వకపోతే పుట్టిన నాటి నుంచి జాజి పొట్టకి ఆనుకొని పడుకుంది. ఆ బొట్టు ఒక పొద్దున లేచి తల వాల్చి తిరగడం మొదలుపెట్టింది.

ఓబులక్క దాన్ని ఒళ్లో పెట్టుకొని కూలబడింది. "మా అత్త కాలం నుంచి ఈ మందలో తిరుగుడు రోగం ఎరగము. ఇంకో నలుగురికి అంటుకుందంటే మందనమ్మేసి కూలికి పోవాల్సిందే," అని ఏడ్చింది. గొర్రెల్ని మనుషుల్ని లెక్కపెట్టినట్టే లెక్కపెడుతుంది ఆమె. మంద అమ్మితే వీరన్న ఎటు పోతాడో, తనెటు పోతుందో జాజికి తెలియనిది కాదు.

"పిల్ల తిరిగిన రోజే నక్క గుట్ట దిగుతాండాది. దానికి కబురు ఎవరు పంపుతాండారో," అన్నాడు వీరన్న.

జాజి మనసు మాత్రం ఇంకో దారిన పోయింది. తనలో తోడేలు ఇంకా పూర్తిగా నిద్రలేవలేదు, అందుకే మందని కాపాడలేకపోతోంది. అలా అనుకొని మిట్టమధ్యాహ్నం, గొర్రెలు నీడకి చేరిన వేళ, గుట్ట ఎక్కింది.

బండల సందులో తోడేలు పడుకొని ఉంది. దగ్గర నుంచి చూస్తే ఇంకా పెద్దది. పసుపుపచ్చ కళ్లు. జాజి ముందుకాళ్లు వంచి నేలకి ఆనింది.

"అవ్వా, నన్ను నీ అంత దాన్ని చెయ్యి. పచ్చిదే తింటాండాను, చలికాలం నుంచి."

"అంతకు ముందు ఏం తింటివి?" అంది తోడేలు.

జాజి తల దించుకుంది. "సంకటి."

"ఎవరి దగ్గర లాక్కుంటివి?"

"లాక్కోలేదు. ఓబులక్క పెడతాది."

"ఎప్పుడు?"

"రోజూ, పొద్దుగూకినప్పుడు."

తోడేలు చెవులు నిక్కించింది. "రోజూ అంటే? వేట దొరకని రోజు కూడానా?"

"నేను వేటే ఆడను అవ్వా."

"వాన పడిన రోజు?"

"గొంగడి కప్పుకొని తెచ్చి పెడతాది."

"నువ్వు కాలు విరిగి పడుంటే?"

"ఒకసారి విరిగింది. చేత్తో తినిపించింది."

తోడేలు లేచి కూర్చుంది. చాలాసేపు కింద మంద వైపు, ఆ పొయ్యి రాళ్ల వైపు చూసింది. "నేను నాలుగు కాన్పులు కన్నాను. పద్దెనిమిది పిల్లలు. బతికింది మూడు. మిగతావన్నీ ఆకలికే పోయినాయి," అంది మెల్లగా. "రోజూ పొద్దుగూకితే గిన్నె నిండుతాదా! ఇన్నేండ్లు ఈ గుట్ట మీద నిలబడి నేను చూసింది ఆ పొగనే. అది ఇంత పెద్ద సంగతని నాకు తెలీకపాయె."

జాజి కింద తన రాతి గిన్నె వైపు చూసింది. తను తలెత్తి చూసిన తోడేలు, ఇన్నాళ్లూ తన గిన్నె వైపు చూస్తోందా?

"మరి పచ్చిది తినకూడదా అవ్వా?"

"నేను తింటాను, నాకు పొయ్యి లేదు కాబట్టి. తిరుగుడు పట్టిన గొర్రె తలకాయలో నీటిబుడగలుంటాయి, తిన్నదాని కడుపులో అవి పురుగులైతాయి. ఆకలైతే అదీ తింటాను, కానీ తిన్నచోట పడుకోను. నా కడుపులోది ఏ కొండ మీదో పడి ఎండిపోతాది. నువ్వు పడుకునేది మందలో. నీ కడుపులోది యాడ పడతాది?"

గొర్రెలు మేసే గడ్డిలో. అప్పుడు తెలిసింది జాజికి. తన పొట్టకి ఆనుకొని పడుకున్న బొట్టు కళ్ల ముందు తిరిగింది. తనే. తనే చేసింది. తల నేలకి ఆనించి మూలిగింది.

"నీకు తలకాయలు తెచ్చేది ఎవరు?" అంది తోడేలు.

"నక్కన్న. నా ముద్ద మోసుకుపోయి వాగులో పారేసేది కూడా ఆయనే."

తోడేలు నవ్వింది. "తిండి పారేసే జంతువుని ఈ కొండల్లో నేనింతవరకూ చూడలేదు. నాకు దాన్ని చూడాలనుంది. ఆ గిన్నె నిండేదీ చూడాలనుంది."

"పొద్దుగూకేటప్పుడు పొద వెనక బండ దాకా రా అవ్వా. అంతే. బండ దాటితే మొరుగుతాను."

"మొరగాల. మొరక్కపోతే ఆ గిన్నె నీకు దండగ."

ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఓబులక్క ముద్ద పెట్టింది. ఎప్పటిలాగే జాజి నోట కరిచి పొద కింద పెట్టింది. నక్క వచ్చి, "ఈ రోజు తలకాయ దొరకలేదు చెల్లీ. ఆ బొట్టుది రేపటికి వెనకబడ్తాదిలే, దాని తలకాయ నీకే," అంది.

జాజి ముద్దని మూతితో నక్క వైపు నెట్టింది. "సరే అన్నా. నాకు మందలో పనుంది. నువ్వు పోయి ముద్ద పారేసిరా," అని నాలుగడుగులు వేసి ఆగింది.

నక్క వాగు వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. అక్కడే కూర్చుంది. కళ్లు మూసుకొని, వేడికి నాలుక కాలకుండా అంచుల నుంచి నాకుతూ, పులుసు కారిన చోట మట్టిని కూడా వదలకుండా తినసాగింది. మధ్యమధ్యలో తృప్తిగా మూలిగింది.

"ఏం తింటాండావు నక్కా?" అంది బండ మీది నుంచి తోడేలు.

నక్క గుడ్లు తేలేసింది. మీసాల నిండా రాగి సంకటి. "తినడమా? లేదు లేదు! పారేసేదానికి తీసుకుపోతాండా అమ్మా!"

"యాడికి? కడుపులోకా?" అన్నాడు కంప లోపలి నుంచి వీరన్న.

"మాది పచ్చి తినే వంశం అమ్మా, ఉడికింది మేము..."

"వంశం సంగతి తర్వాత. ముందు మూతి తుడుచుకో," అంది తోడేలు లేచి నిలబడి.

అంతే, నక్క పరుగందుకుంది. కానీ చలికాలం నుంచి కూర్చున్నచోట సంకటి తిన్న ఒళ్లది. వెనక నుంచి జాజి అరుపు అందుకుంది. ఆ గుట్టలన్నీ మారుమోగేలా, ఇన్నాళ్లూ గొంతులో అణిచిపెట్టుకున్న మొరుగంతా మొరిగింది. నక్క కంపలో పడి, సగం తోక అక్కడే వదిలి, మూడు గుట్టలు దాటిందాకా వెనక్కి చూడలేదు.

ఓబులక్క కట్టె పట్టుకొని పరుగెత్తుకొచ్చింది. పొద కింద సగం తిన్న ముద్ద, పాత గొర్రె పుర్రెలు, కంపలో వేలాడుతున్న నక్క తోక చూసింది. నెత్తి మీద చేయి పెట్టుకుంది. "ఓసి పిచ్చిదానా," అంది. కొట్టలేదు. తన పళ్లెంలో ముద్ద తీసి, మధ్యలో తెల్ల బిళ్ల దాచి, రాతి గిన్నెలో పెట్టింది. "దా తల్లీ," అంది.

జాజి తినేటప్పుడు బండ వైపు చూసింది. తోడేలు ఇంకా అక్కడే ఉంది. గిన్నెలోంచి లేస్తున్న ఆవిరినీ, జాజి వీపు మీద ఉన్న ఆ మనిషి చేతినీ, ఇంతింత కళ్లు చేసుకొని చూస్తోంది. చూసి చూసి, బండ దాటకుండానే గుట్టెక్కి వెళ్లిపోయింది.

బొట్టు దక్కలేదు. ఓబులక్క దాన్ని నడుం లోతున పూడ్చి బండ దొర్లించింది. మూడు రోజులు జాజి ఆ బండ పక్కనే పడుకుంది. పాత గడ్డిలో మేసినవాటిలో ఇంకొకటి రెండు తిరిగాయి. ఆ తర్వాతి ఏడాది పుట్టిన పిల్లల్లో ఒక్కటీ తిరగలేదు, మంద నిలబడింది.

ఇక నక్క సంగతి. కొవ్వు పట్టిన ఒంటితో అది ఎలకని కూడా పట్టలేకపోయింది. పట్టిన ఒకటీ అరా కూడా చల్లగా, చప్పగా, గొంతు దిగలేదు. అందుకే పొద్దుగూకి మందల దగ్గర పొగ లేచేసరికి, సంకటి వాసన గాలిలో వచ్చేసరికి, మూడు గుట్టల అవతల కూర్చుని ఊళపెట్టి ఏడుస్తుంది. దాని మూతి మీద మీసాలు మాత్రం ఇప్పటికీ రాగి రంగులోనే ఉంటాయంటారు.

నీ కంచానికి వంక పెట్టేవాడు వస్తే, మాట వినే ముందు వాడి మూతి చూడు.