ముత్తవ్వ నోటి మాట

పిల్లలూ, మన ఊరికి ఇంత దూరంలో పెరుగుతున్నారు కదా, ఈ కథ మీ చెవిన పడి ఉండదు. బాగా నవ్వండి. ఇందులో తెలివితక్కువ వాళ్ళంతా మన చుట్టాలే.

భానోజీ, అతని ముగ్గురు తమ్ముళ్ళు డాక్టరు చదువు చదివేవాళ్ళు. "చెప్పింది చెప్పినట్టు చేసే బుర్రలు మనవేరా!" అని భానోజీకి మహా గర్వం. ఇంటి ముందు 'డాక్టర్ భానోజీ' అని బోర్డు కూడా కట్టేశారు.

చివరి ఏడాదిలో సారు కోయవాళ్ళ పద్ధతుల మీద పాఠం చెప్పి, ఈ నలుగురినీ ఒక కోయగూడేనికి పంపాడు. "అక్కడ ముత్తవ్వ అనే ముసలావిడకి జ్వరం. మందివ్వండి. వాళ్ళెలా ఉంటే మీరూ అలాగే ఉండండి. మీరు పనికొస్తారని అవ్వ నోటి నుంచి నేను వినాలి. అప్పుడే పట్టా."

ఇంకేముంది! గూడెం చేరారు. అవ్వ మంచం మీద మూలుగుతోంది. నలుగురూ నేల మీద పడుకుని మూలిగారు. అవ్వ దగ్గింది. నలుగురూ దగ్గారు.

అవ్వ కూతురు దేవి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, మీకూ తగులుకుందా?"

"లేదక్కా, ఇది మర్యాద," అన్నాడు భానోజీ మూలుగుతూనే.

"మర్యాద సంగతి తర్వాత. ముందు బిళ్ళ వెయ్యండి!"

భానోజీ బిళ్ళల షీటు తీశాడు. తళతళా మెరిసింది. అంతే, చెయ్యి ఆగిపోయింది. కోయవాళ్ళు కొత్త పంటని పండుగ చేసి దేవుడికి పెట్టాకే తింటారని సారు చెప్పాడు మరి!

"అక్కా, ఇవి కొత్తవి. బిళ్ళల పండుగ ఎప్పుడు?"

"బిళ్ళలకి పండుగేంటయ్యా! మామిడికి చేస్తాం, చిక్కుడికి చేస్తాం!"

"మామిడికి చేసి బిళ్ళకి చెయ్యకపోతే దేవుడు నొచ్చుకోడూ?" అన్నాడు పెద్ద తమ్ముడు.

"పోనీ, పాత బిళ్ళలు వేద్దాం," అన్నాడు చిన్నవాడు.

అంతే! పాత బిళ్ళల కోసం నలుగురూ ఇల్లిల్లూ తిరగడానికి లేచారు. దేవి గుమ్మానికి అడ్డం నిలబడి షీటు లాక్కుంది.

"ఎన్నెయ్యాలో అదైనా చెప్పి ఏడువు!"

"ఒకటి," అన్నాడు భానోజీ బిక్కమొహంతో.

సాయంత్రానికి జ్వరం దిగింది. అవ్వ లేచి కూర్చుని, ఇంకా మూలుగుతున్న నలుగురినీ చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇంతలా నవ్వి ఎన్నేళ్ళయిందో! పోనీలే, పనికొస్తారు."

భానోజీ ఎగిరి గంతేశాడు. అంతలోనే మొహం పాలిపోయింది. "ఒరేయ్, విన్నది మనం! వినాల్సింది సారు! అదీ అవ్వ నోటి నుంచి!"

ఇంకేముంది! నలుగురూ నాలుగు మూలలా పట్టుకుని అవ్వతో సహా మంచం లేపేశారు. యూనివర్సిటీ దారి పట్టారు. వెనకాలే దేవి చీపురుతో పరుగు.

"పనికొస్తారురా, పనికొస్తారు! నన్ను దింపండ్రా!" అని అరుస్తోంది అవ్వ.

"ఆ మాట దారిలోనే అవగొట్టెయ్యకు అవ్వా," అని బతిమాలాడు భానోజీ. "సారు కోసం కాస్త మిగుల్చు!"

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే ఉంచుకోకండి. అక్కడి మీ స్నేహితులకి చెప్పండి. వీళ్ళెవరని అడిగితే దాచకుండా, మా వాళ్ళేనని చెప్పండి.