మునీరా పెట్టిన ఆవకాయ

షఫీవుల్లా ఆ మధ్యాహ్నం ఒళ్లో జాడీ పెట్టుకుని, రెండు బస్సులు మారి హకీం సాహెబ్ ఇంటికి వచ్చాడు.

అతను కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తూనే ఆరేళ్లుగా ఆయన దగ్గర వేళ్లూ మూలికలూ నేర్చుకుంటున్నాడు. ఈ మధ్యే సుగంధిపాల వేరు నుంచి సారం తీశాడు. రెండు గిన్నెల్లో వేరుశనగ నూనె పోసి, ఒకదాంట్లో ఆ సారం కలిపి, రెండు నెలలు ఉంచాడు. కలపనిది ముక్కిపోయింది. కలిపింది నిన్న గానుగాడించినట్టే ఉంది. వేరులో యాంటీఆక్సిడెంట్లు దండిగా ఉన్నాయని తోటివాళ్లు అతని భుజం తట్టారు. అతనికి మాత్రం ఆ సంబరం లేదు.

జాడీని గురువు ముందు పెట్టాడు.

"దీంట్లో సారం ఎంత కలపాలి, ఉస్తాద్?"

"ఏముంది ఇందులో?"

"మునీరా పెట్టిన ఆవకాయ."

మునీరా అతని భార్య. పోయిన మే నెలలో ఆవకాయ పెట్టింది. జూలైలో జ్వరమొచ్చి మూడు రోజుల్లో కన్నుమూసింది. అప్పటినుంచి అతను జాడీలోంచి ఒక్క ముక్క తియ్యలేదు. తీస్తే తరిగిపోతుందని భయం. పొద్దున్నే జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి, మూత తీసి, వాసన చూసుకుని, మళ్లీ కట్టేసి పనికి పోతాడు. వారం నుంచి ఆ వాసనలో ఏదో తేడా.

హకీం సాహెబ్ గుడ్డ విప్పి, మూత తీసి చూశాడు.

"పైనూనె ముక్కుతోంది. రోజూ తెరుస్తున్నావా?"

"తెరవకుండా ఉండలేను."

"ఆ గాలే తగిలింది."

షఫీవుల్లా తల దించుకున్నాడు. "సారం కలిపితే ఆగదా?"

"బాగున్నదాన్ని కొన్నాళ్లు కాపాడుతుంది. చెడినదాన్ని వెనక్కి తేదు. నీకు తెలియనిదా?"

తెలుసు. తెలిసే వచ్చాడు.

హకీం సాహెబ్ లోపలికి వెళ్లి రెండు కంచాల్లో వేడన్నం, ఒక గరిటె తెచ్చాడు. పైన తేరిన నూనెను తీసి పారబోశాడు. ఆపబోయిన షఫీవుల్లా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆయన గరిటెను అడుగుదాకా దించి, ఎర్రటి ముక్క ఒకటి పైకి తీసి శిష్యుడి అన్నంలో వేశాడు.

"తిను."

షఫీవుల్లా చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు. చివరికి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండు సార్లు నమిలి ఆగిపోయాడు.

"ఉప్పెక్కువైంది," అన్నాడు.

"ఎప్పుడూ ఇంతేనా?"

"ఎప్పుడూ ఇంతే, ఉస్తాద్. ఎన్నిసార్లు చెప్పినా వినదు."

అతను ఎడమచేత్తో కళ్లు తుడుచుకుని ఇంకో ముద్ద కలిపాడు.

హకీం సాహెబ్ తన కంచం ముందుకు జరిపాడు.

"నాక్కూడా వెయ్యి, బేటా. అడుగు నుంచి తియ్యి."