పేరిందేవమ్మ గారి చిన్న క్యాసెట్టు

తెనాలి ఊళ్ళో తాను విప్పని పెట్టె లేదని కోటాచారి మాస్టారు గొప్పగా చెప్పుకునేవారు. రేడియో కానీ, టేపురికార్డరు కానీ, టీవీ కానీ, ఆయన చేతిలో పడితే పది నిమిషాల్లో దాని పొట్టలో ఉన్నదంతా బల్ల మీదికి రావలసిందే. అంత మాటా అనేసి, ఒక్క క్షణం ఆగి, "తిరిగి బిగించినవి ఎన్నని మాత్రం అడక్కండి" అని తానే అనేవారు. స్క్రూలతో నిండిన గాజు సీసా ఒకటి ఎప్పుడూ ఆయన బల్ల మీదే ఉండేది. అవి బిగించడం మరిచిపోయినవని శిష్యులు నవ్వుకునేవారు. మాస్టారు కాదనేవారు కాదు.

గంగానమ్మపేటలో ఒక మేడమీది గదిలో ముప్ఫై ఏళ్ళుగా రిపేరు పని నేర్పుతున్న ఆ మాస్టారికి మరో అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, అడిగినవాడి చేతిలో స్క్రూడ్రైవరు పెడతారు. విప్పుకుని చూసుకోవాలన్నమాట. నింపాదిగా ఉన్నవాళ్ళకి ఇది బాగానే ఉంటుంది. తొందరలో ఉన్నవాడికి ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు మల్లిబాబు తొందరలో ఉన్నాడు.

మల్లిబాబు ఒకప్పుడు ఆ గదిలోనే పని నేర్చుకుని, ఇప్పుడు మెయిన్ బజారులో టీవీల కొట్టు నడుపుతున్నాడు. పెళ్ళిళ్ళకి వీడియోలూ తీస్తాడు. బొమ్మ అద్దంలా కనిపించే కొత్త రకం డిస్కులు అప్పుడప్పుడే దిగుతున్న రోజులవి. దిగడం రెండు రకాలుగా దిగాయి. ఒకటి ఎర్ర అట్టపెట్టెలో వస్తుంది, రెండోది నీలం పెట్టెలో. ఎర్ర డిస్కు నీలం ప్లేయరులో ఆడదు, నీలం డిస్కు ఎర్రదాన్లో ఆడదు. ఏ సినిమా కంపెనీ ఎవరి పక్షమో నెలకో కబురు వినిపించేది. నీలం ప్లేయరు ముప్ఫై వేల దగ్గర కదలకుండా కూర్చుంది. ఎర్రది పద్దెనిమిదితో మొదలై, పన్నెండుకి దిగి, ఆ వారం ఏడు వేలకి వచ్చింది. పైగా కొన్నవాళ్ళకి ఐదు సినిమాలు ఊరికే. అమ్మినవాళ్ళకి కమీషను రెండింతలు.

"మాఘమాసంలో ఇరవైరెండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నానండీ," అన్నాడు మల్లిబాబు, కూర్చోకుండానే. "పెళ్ళి వీడియో ఎర్ర డిస్కులోకి ఎక్కించి, ప్లేయరుతో కలిపి ఇచ్చేద్దామని. వాళ్ళందరిదీ ఒకటే మాట, 'ఏది మంచిదో నీకే తెలుసు, నువ్వేదంటే అదే' అని. ఈ ఊరికి ఏజెన్సీ నాకే ఇస్తామని కంపెనీ ఆయన వచ్చి లాడ్జిలో కూర్చున్నాడు. నాలుగింటికి సంతకం పెట్టాలి. ఎర్రదే నిలబడుతుందంటారా, మాస్టారూ?"

మాస్టారు కిటికీలోంచి కిందికి చూశారు.

"నీ స్కూటరు మీద కట్టిన పెట్టె ఏమిట్రా?"

"అది మా ఇంటికండి."

"నీలంగా ఉందే."

"ఇంట్లో ఒకటుంటే..." అని మల్లిబాబు చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికి రెండుసార్లు తుడిచిన కళ్ళజోడే అది.

మాస్టారు అలవాటు ప్రకారం అతని చేతిలో స్క్రూడ్రైవరు పెట్టారు. మల్లిబాబు గోడగడియారం వంక చూశాడు. మూడు కావడానికి పది నిమిషాలుంది. ఏం విప్పాలండీ అని అడగబోయేలోగా మెట్ల మీద మెల్లగా అడుగుల చప్పుడయింది.

వచ్చినావిడ పేరు పేరిందేవమ్మ. డెబ్భై దాటి ఉంటుంది. చంకలో తుండుగుడ్డలో చుట్టిన చిన్న క్యాసెట్టు. ఏటా కూతురి పెళ్ళిరోజు నాడు ఆవిడ ఆ మెట్లెక్కుతుందని మల్లిబాబుకి తెలియదు. మాస్టారికి తెలుసు. మూల నున్న పాత వీడియో పెట్టె మీద గుడ్డ అప్పటికే తీసి ఉంది.

"కాళ్ళు ఈ ఏడు కాస్త మొరాయించాయి ఆచారి గారూ," అంటూ ఆవిడ స్టూలు మీద కూర్చుంది. "మీ పెట్టె ఎలా ఉంది?"

"మీ కాళ్ళ లాగే ఉందమ్మా," అన్నారు మాస్టారు.

క్యాసెట్టు లోపలికి వెళ్ళింది. తెర మీద పందిరి కనిపించి, రెండు నిమిషాలు తిరక్కుండానే ఆగిపోయింది. మల్లిబాబు పైమూత విప్పి చూశాడు. టేపుని చుట్టుకోవలసిన చక్రం కింద రబ్బరు గట్టిపడి, జారిపోతోంది. చుట్టుకోని టేపు లోపలే పోగుపడుతోంది.

"దీనికి రబ్బరు దొరకాలండీ."

"ఇరవై ఏళ్ళ కిందటే దొరకడం మానేసింది. వేలితో తిప్పు."

"ఎంతసేపు?"

"ఆయన వచ్చేదాకా," అన్నారు మాస్టారు.

మల్లిబాబు నేల మీద చతికిలబడి, పెట్టెలోకి వేలు పెట్టి, ఆ చక్రాన్ని టేపు వచ్చిన కొద్దీ తిప్పసాగాడు. గట్టిగా లాగితే టేపు తెగుతుంది, వదిలితే చిక్కుపడుతుంది. తల పెట్టె మీదికి వంచి ఉండాలి కనుక తెర కనపడదు, వినపడుతుంది. సన్నాయి అయింది. గౌరీపూజ అయింది. తలంబ్రాల గోల అయింది. వేలు తిమ్మిరెక్కింది, వేలు మార్చాడు. గడియారం మూడున్నర కొట్టింది. లాడ్జిలో కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు, కానీ చెయ్యి తీయడానికి లేదు.

అంతలో వంటల దగ్గరి గిన్నెల చప్పుడు, దాన్ని మించి ఒక బొంగురు గొంతు వినిపించాయి.

"ఏమయ్యా, పప్పులో ఉప్పు పోశావా, ఉప్పులో పప్పు పోశావా?"

పేరిందేవమ్మ పమిట సర్దుకుంది. ఆ గొంతు వెంటనే ఇటు తిరిగినట్టుంది, దగ్గరగా వినిపించింది.

"నన్ను తీస్తావేమయ్యా, వెళ్ళి పెళ్ళికొడుకుని తియ్యి."

అంతే. మళ్ళీ సన్నాయి వచ్చింది. మాస్టారు మీట నొక్కి ఆపారు.

"పప్పు నిజంగానే ఉప్పయింది ఆ రోజు," అంది ఆవిడ, కళ్ళొత్తుకుని. తర్వాత మల్లిబాబుతో, "మా ఆయన మాట్లాడింది ఇంకెక్కడా లేదు నాయనా. ఇదొక్కటే," అంది.

మల్లిబాబు లేచి, వేలు నొక్కుకుంటూ అన్నాడు. "ఇదంతా కొత్త డిస్కులోకి ఎక్కించి ఇస్తానమ్మా. మంచి ప్లేయరు కూడా నేనే చూసి పెడతాను. ఇంట్లో కూర్చుని రోజూ చూసుకోవచ్చు."

"ఆచారి గారు కూడా అన్నారు చాలాసార్లు. ఆ కొత్త పెట్టె ఎన్నాళ్ళుంటుంది?"

మల్లిబాబు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో మళ్ళీ తుడవసాగాడు.

"దీన్నీ ఉంటుందనే కొన్నాంలే," అంది పేరిందేవమ్మ, ఏ నిష్ఠూరమూ లేకుండా. "పెట్టె సంగతి నాకు తెలియదు నాయనా. ఆచారి గారు ఉన్నారు, కనుక ఆడుతోంది." క్యాసెట్టు మళ్ళీ తుండుగుడ్డలో చుట్టుకుని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగింది.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా మాస్టారు కిటికీ దగ్గరే నిలబడ్డారు.

"అప్పుడూ రెండు రకాలే," అన్నారు. "చిన్న క్యాసెట్టు, పెద్ద క్యాసెట్టు. ఒకదాన్లోది ఇంకోదాన్లో ఆడేది కాదు. చిన్నదాన్లో బొమ్మ బాగుండేది. కమీషనూ బాగుండేది. ఈ ఊళ్ళో పదకొండు ఇళ్ళవాళ్ళు నా మాట మీద చిన్నదే కొన్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి దాని క్యాసెట్టూ లేదు, సామానూ లేదు, కంపెనీ మనిషీ లేడు. ఒక్కొక్కరే పెట్టెలు తెచ్చి ఇక్కడ దింపారు. ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు."

బల్ల కింద వరసగా పేర్చిన ఖాళీ డొల్లలు మల్లిబాబు అప్పుడు చూశాడు. పని నేర్చుకున్న రోజుల్లో వాటి మీద కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. లెక్కపెట్టాడు. పది ఉన్నాయి. పదకొండోది మూల నుంది, ఈ పదింటి సామానుతోనే ఆడుతూ. తర్వాత బల్ల మీది స్క్రూల సీసా వంక చూశాడు. ఇన్నేళ్ళూ నవ్వుకున్నందుకు అతనికి మొహం చెల్లలేదు.

గడియారంలో నాలుగు కావడానికి అయిదు నిమిషాలుంది. అతను స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, మాస్టారికి కాస్త ఊరట కలిగే మాట వెతికాడు.

"మీకు మాత్రం ఎలా తెలుస్తుందండీ, మాస్టారూ. నమ్మే కదా చెప్పారు."

మాస్టారు కింద స్కూటరు మీది నీలం పెట్టెని మరోసారి చూసి, కిటికీ రెక్క దగ్గరగా వేశారు.

"ఆ ఏడే మా ఇంటికీ ఒకటి కొన్నానురా, మల్లీ," అన్నారు. "పెద్ద క్యాసెట్టుది."