దివాను పోసిన పెట్రోలు

ఒకానొక సంస్థానంలో దొరగారికి కారుండేది. దాన్ని నడిపేవాడు ఎల్లమంద. ఇంజను అందుకోవడానికి బండి ముందుండే హ్యాండిల్ తిప్పి తిప్పి అతని అరచేతులు కాయలు కాశాయి. ఆ చేయి పెట్రోలు ట్యాంకుకు తగిలితే మాత్రం మైల అట. అందుకని పెట్రోలు కొట్టు తాళంచెవీ, పోసే పెత్తనమూ దివాను రంగశాయివి. అంత సిగ్గుమాలిన మడి ఇంకెక్కడైనా ఉందా?

ఒకరోజు దొరగారు పెళ్లికి బయలుదేరారు. ఎల్లమంద హ్యాండిల్ తిప్పితే ఇంజను గరగరా తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు.

"నిన్ననే నా చేత్తో ట్యాంకు నింపాను దొరా. వీడే ఇంజను పాడుచేశాడు. పెళ్లాం పిల్లలతో సహా ఊళ్లోంచి వెళ్లగొట్టండి" అన్నాడు దివాను.

ట్యాంకు ఖాళీ అని ఎల్లమందకు గట్టి అనుమానం. కానీ దివాను దొంగ అంటే నమ్మేదెవరు?

"వెళ్లిపోతాను దొరా" అన్నాడు చేతులు కట్టుకుని. "కాకపోతే రేపు పెట్రోలు నేనే ఎత్తుకుపోయానంటారు. నిన్నటి నుంచి బండి కదల్లేదు గనుక పోసింది పోసినట్టే ఉంటుంది. దివానుగారి చేతే డబ్బాల్లోకి తీయించండి. అది చూసి పోతాను."

దొరకు అందులో తప్పేమీ కనబడలేదు. "తియ్యవయ్యా" అన్నాడు.

"ముహూర్తం దాటిపోతుంది దొరా..." నసిగాడు రంగశాయి.

"తియ్యమన్నాను."

దివాను ట్యాంకు కింద డబ్బా పెట్టి కుళాయి తిప్పాడు. చుక్క రాలలేదు.

"ఇంజను పాడైందన్నావే?" అన్నాడు దొర దివానుతో.

ఎల్లమందే జవాబిచ్చాడు. "ఇంజను బంగారం దొరా. కడుపులో ఏమీ లేకపోయినా, తిప్పిన ప్రతిసారీ తిరిగింది."

దొర దివాను మొలలోంచి పెట్రోలు కొట్టు తాళంచెవి లాగి ఎల్లమంద చేతిలో పెట్టాడు.