పంకెత్తి వారి ముక్కాలిపీట

పంకెత్తి గురువుగారికి ఒక అలవాటుండేది. మిషను వరండాలోకి ఎవరు అడుగుపెట్టినా, వాళ్ళు తహసీల్దారుగారైనా సరే, జ్వరం మందుకి వచ్చిన ముసలమ్మైనా సరే, ఆయనే లేచి వెళ్ళి గోడవారనున్న ముక్కాలిపీట తెచ్చి వాళ్ళ ముందు వేసేవారు. వంటమనిషి అక్కడే ఉన్నా ఆ పని ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. వచ్చినవాళ్ళు కూర్చునేదాకా తనూ నిలబడే ఉండేవారు. తెల్లదొర పీట మోసుకొస్తుంటే మన జనానికి కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. "కూర్చోండమ్మా, నిలబడి చెప్పేవాళ్ళు సగమే చెప్తారు" అనేవారాయన. అదంతా ఆయన వినయమని లోకం అనుకునేది. ఆయన శిష్యుడు శౌరయ్యా చాలాకాలం అలాగే అనుకున్నాడు.

కాలవల్లో పడవలు తిరిగిన రోజులవి. ఉల్లిపాయల బస్తాలూ, పెళ్ళివారూ, బదిలీ మీద వెళ్ళే బడిపంతుళ్ళూ అందరూ ఆ పడవల్లోనే పోయేవాళ్ళు. మనిషి రావడం ఎంతో ముందుగానే దూరాన కనబడేది, కాబట్టి ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోసుకోవడానికి ఇల్లాలికి వ్యవధి చిక్కేది. అలాంటి కాలంలో ఇటలీ దేశపు కొండల్లోంచి ఒక పడుచు కతోలిక గురువు కృష్ణ ఒడ్డు పల్లెల్లోకి వచ్చి, అక్కడే తల నెరిసేదాకా ఉండిపోయాడు. ఆయన సొంత పేరు అంబ్రోజో. అది జనం నోట్లో నలిగి అంబ్రోసయ్య అయింది. ఇంటిపేరు పంకెత్తి మాత్రం చెక్కు చెదరలేదు. పమిడిపాటి, పంకెత్తి, పాతూరి అని వరసగా చదివితే ఎవరికీ అనుమానం రాదు. "పంకెత్తి వారి స్వామి" అని ముసలాళ్ళు అంటుంటే, ఆయనేదో పక్క ఊరి ఆసామీ అనిపించేది.

శౌరయ్య కథ వేరు. మఠంలోని సిస్టర్లు ఒక తెల్లవారుజామున నీళ్ళకి వెళ్తే కాలవ రేవు మెట్ల మీద, వెదురుబుట్టలో, పాత చీరముక్క చుట్టి కనబడ్డాడు. వాళ్ళే పెంచారు, వాళ్ళే చదివించారు. పెద్దయ్యాక గురువుగారు దగ్గర కూర్చోబెట్టుకుని ఉపదేశిగా తయారుచేశారు. గురువు వెళ్ళలేని పల్లెల్లో ప్రార్థన చెప్పించేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ శౌరయ్యే. మంచి గొంతు, మంచి నడవడి. ఊళ్ళో ఇంకో ఇద్దరు ముగ్గురు శౌరయ్యలు ఉండబట్టి బళ్ళో చదివే రోజుల్లో ఎవడో కొంటెపిల్లాడు "రేవు శౌరయ్య" అన్నాడు. అది జిగురులా పట్టుకుంది. అన్నవాళ్ళకి అది గుర్తు, అంతే. అనిపించుకున్నవాడికి ముల్లు. పెరిగి పెద్దవాడయ్యాక కూడా శౌరయ్య ఆ రేవులో కాలు పెట్టలేదు. పొరుగూరు వెళ్ళాలంటే గట్టు వెంబడి ఎండలో నడిచి, అవతలి ఊరి రేవులో పడవ ఎక్కేవాడు.

ఆ శౌరయ్యకి పెళ్ళి సంబంధం వచ్చింది. పిల్ల పేరు ఆరోగ్యమ్మ. తల్లీతండ్రీ లేరు, మామ్మ మార్తమ్మ చాటున పెరిగింది. ఆ ఊళ్ళో జపాలు చెప్పడానికి వెళ్ళినప్పుడల్లా శౌరయ్య ఆ పిల్లని చూశాడు, ఆ పిల్లా చూసింది. ఇద్దరికీ ఇష్టమే. మార్తమ్మకీ ఇష్టమే. కానీ ఆవిడ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

"కుర్రాడు బంగారం, కాదన్ను. ఏ ఇంటివాడో తెలియకుండా పిల్లనెట్టా ఇచ్చేది? ఒకే ఇంటిపేరోళ్ళు అన్నాచెల్లెళ్ళయితారు గదా. రేపెవడో వచ్చి వీడు మీవాడేనంటే నా మనవరాలి గతేంటి? శనివారం పడవకొస్తా. ఆదివారం చాటింపులో ఏ పేరు చదువుతారో చెప్తే, అప్పుడు తాంబూలం పుచ్చుకుంటా."

పెళ్ళికి ముందు ఆదివారం పూజలో వధూవరుల పేర్లు ఇంటిపేర్లతో సహా చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండని అడగడం ఆ గుళ్ళలో ఆచారం. పేరు లేకపోతే చాటింపు లేదు, చాటింపు లేకపోతే పెళ్ళి లేదు. శౌరయ్యకి అన్నం సయించలేదు. ఎవరిదైనా ఇంటిపేరు అరువు తెచ్చుకుందామంటే, ఏ పేరు ఎత్తుకున్నా ఆ ఇళ్ళవాళ్ళు ఊరుకోరు. పైగా ఊరూరా లేని చెల్లెళ్ళు పుట్టుకొస్తారు. ఆలోచించి ఆలోచించి ఆఖరికి సమాధుల దొడ్లోకి వెళ్ళాడు. నాచు పట్టిన రాళ్ళన్నీ గోకి గోకి చదివాడు. ఒక మూల చింతలచేరు వారి రాయి ఒకటి దొరికింది. ఆ వంశంలో ఇప్పుడెవరూ మిగల్లేదని కాటికాపరి చెప్పాడు. శౌరయ్య ప్రాణం లేచొచ్చింది. ఉన్నవాళ్ళయితే అడ్డం చెప్తారు గానీ పోయినవాళ్ళు ఏం చెప్తారు?

శుక్రవారం సాయంత్రం వరండాలో గురువుగారి ఎదుట నిలబడి ఆ మాటే అడిగాడు. ఆయన ఎప్పటిలాగే లేచి వెళ్ళి పీట తెచ్చి వేశారు. శౌరయ్య సిగ్గుపడుతూ కూర్చున్నాడు.

"చింతలచేరు వారి పేరు నాకు రాయండి గురువుగారూ. అడిగేవాళ్ళు లేరు. మంచి పాత పేరు. పరువుగా ఉంటుంది."

"వాళ్ళింట్లో ఎప్పుడైనా నీకు అన్నం పెట్టారా?" అన్నారు గురువుగారు.

"నేను పుట్టకముందే పోయారండి వాళ్ళు."

"మరి వాళ్ళ పరువు నీకెలా సరిపోతుంది?"

శౌరయ్య లోపల దాచుకున్నదంతా బయటికొచ్చింది. "మీకేం గురువుగారూ. మీకో ఇంటిపేరుంది, దానికో వంశముంది, దానికో అర్థముంటుంది. నాకున్నదల్లా ఆ రేవు మెట్టు. అసలు ఇంటిపేరు ఎక్కణ్ణించి వస్తుంది? అది లేనివాడు ఏం చెయ్యాలి?"

గురువుగారు కాలవ వైపు చూశారు. తెరచాప దించుకున్న పడవొకటి అవతలి ఒడ్డున ఆగి ఉంది. తర్వాత నెమ్మదిగా, తన దేశాన్ని తలుచుకున్నప్పుడు ఆయనకి వచ్చే ఒక మెత్తటి గొంతుతో మొదలుపెట్టారు.

"మా తాతకి తాత కూడా బుట్టలో దొరికినవాడే శౌరయ్యా. మా దేశంలో అప్పట్లో పట్నపు అనాథాశ్రమం గోడలో ఒక తిరిగే తొట్టి ఉండేది. తల్లి బయట నిలబడి బిడ్డని అందులో పెట్టి తిప్పితే, బిడ్డ లోపలికి పోయేది. మొహాలు చూసుకోనక్కర్లేదు. లోపలి గుమాస్తా బిడ్డకో ఇంటిపేరు పెట్టాలి. రోజూ వచ్చే బిడ్డలకి రోజూ కొత్త పేర్లు ఎక్కణ్ణించి తెస్తాడు పాపం? ఆ రోజు అతని కంటికి ఎదురుగా ఏది కనబడితే అదే పేరు. మావాడు వచ్చిన పూట ఆ గదిలో చిన్న ముక్కాలిపీట కనబడింది. మా భాషలో ఆ పీటనే పంకెత్తో అంటారు, ఇంటిపేరయ్యేసరికి పంకెత్తి అయింది. అదీ నా వంశం."

శౌరయ్య తను కూర్చున్న పీట వైపు చూసుకున్నాడు. లేవబోయాడు. గురువుగారు చెయ్యెత్తి కూర్చోమన్నారు.

ఆ బిడ్డ ఒక కొండపల్లెలో రైతు దగ్గర పెరిగాడట. పెళ్ళి చేసుకుని, కనుమకి పోయే నిట్టనిలువు దారి పక్కన రాళ్ళతో ఇల్లు కట్టుకున్నాడు. కొత్తకోడల్ని చూసి ఊళ్ళో ఆడవాళ్ళు "పీటవారి కోడలొచ్చింది" అని మూతులు విరిచారట. ఆ పిల్ల గడుసుది. "పీటవారింట్లో పీట లేకపోతే బాగుండదుగా" అని ఒక ముక్కాలిపీట చేయించి గుమ్మం బయట వేసింది. ఎగతాళికి ఎదురుగా వేసిన పీట అది. కంచరగాడిదలతో ఉప్పు మోసుకెళ్ళేవాళ్ళూ, కాలినడకన కొండ దాటేవాళ్ళూ దాని మీద కూర్చుని ఊపిరి తీసుకునేవాళ్ళు. కూర్చున్నవాళ్ళకి మంచినీళ్ళివ్వాలి కదా. చలికాలమైతే వేడి సంకటి ఇవ్వాలి కదా. అలా ఆ ఇంట్లో కోడలి తర్వాత కోడలికి ఆ పని అబ్బింది. దేశమంతా గాలించినా పంకెత్తి అన్న పేరు ఆ ఒక్క పొయ్యి చుట్టూ తప్ప ఇంకెక్కడా లేదు.

"మా తాత దగ్గరికి వచ్చేసరికి నాలుగు ఆవులొచ్చాయి" అన్నారు గురువుగారు. "ఆవులతోపాటు సిగ్గు కూడా వచ్చింది. మా మేనత్త లూచీయాని చూసుకోవడానికి కనుమ అవతలి నుంచి పెద్దమనిషి ఒకాయన, వరుడి తండ్రి, వస్తున్నాడని కబురొచ్చింది. పీట చూస్తే పేరు అడుగుతాడు, పేరు అడిగితే తొట్టి సంగతి బయటపడుతుంది. ఆ భయంతో తాత పొద్దున్నే పీట తీసి గడ్డివాములో దాచేశాడు. ఆ రోజు మంచు బాగా పడింది. ఎదురుచూసి ఎదురుచూసి పొద్దు వాలింది. మనిషి రాలేదు. నాయనమ్మ శాలువా కప్పుకుని బయటికెళ్ళి చూస్తే, దారిలో అడుగుల గుర్తులున్నాయి. మా గుమ్మం ముందు నుంచే కిందికి పోయాయి. మళ్ళీ పైకి వచ్చాయి. మళ్ళీ కిందికి పోయాయి. ఊరి చివర ఒక గోడ వార, నిలువునా వణుకుతూ దొరికాడాయన."

"దారి తప్పాడా?" అన్నాడు శౌరయ్య.

"లేదు. మా ఇంటికి గుర్తేమిటని అడిగితే ఎవరైనా ఒకటే చెప్పేవాళ్ళు, గుమ్మం బయట పీట ఉంటుందని. ఆయన పీట కోసం వెతుక్కున్నాడు. నాయనమ్మ ఆయన్ని ఇంటికి తీసుకొచ్చి, పొయ్యి దగ్గర తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంకో ఆసనం లేదు. కీళ్ళనొప్పుల మనిషి, ఆయన తేరుకునేదాకా నిలబడే ఉంది. తాత తలొంచుకుని తొట్టి సంగతి మొదలుపెట్టాడు. ఆయన వినిపించుకోలేదు. 'మా అమ్మ నన్ను కడుపులో మోస్తూ ఈ కొండ దాటింది, మీ గుమ్మంలో కూర్చోబట్టి బతికానని చచ్చేదాకా చెప్పింది, కోడల్ని చేసుకుంటే ఆ ఇంటి పిల్లనే చేసుకోవాలని వచ్చాను, ఆ పీట ఏమైందయ్యా' అన్నాడు. తాత లేచి గడ్డివాము దగ్గరికి వెళ్ళాడు."

గురువుగారి కళ్ళు తడిశాయి. ఆయన దాచుకోలేదు.

"ఆ పొయ్యి ఇప్పుడు వెలగడం లేదు శౌరయ్యా. నా తమ్ముడు యుద్ధంలో పోయాడు. నేను గురువునయ్యాను, గురువులకి పెళ్ళి ఉండదు. ఆ కొండ మీద ఆ పేరు పలికేవాళ్ళు లేరు. పంకెత్తి అన్న మాట లోకం మొత్తమ్మీద ఈ కాలవ గట్టునే మిగిలింది. మీ తెలుగువాళ్ళ నోట్లో."

అంతే చెప్పి ఆయన గుళ్ళోకి వెళ్ళిపోయారు. చింతలచేరు వారి సంగతి ఏం చెయ్యాలో చెప్పలేదు. శౌరయ్య పీట మీద చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తుమ్మచెక్క పీట, ఊరి వడ్రంగి చేసింది. చేతితో తడిమితే అద్దంలా ఉంది. ఎంతమంది కూర్చుంటే అంత నునుపెక్కిందో అనుకున్నాడు.

మర్నాడు పడవ వచ్చే వేళకి ఊళ్ళోవాళ్ళు ఒక వింత చూశారు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి రేవు మొహం చూడని శౌరయ్య, స్వామిగారి ముక్కాలిపీట భుజాన పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు. అడుగు మెట్టు మీద ఒక్క క్షణం ఆగాడు. తర్వాత పీట అక్కడ దించి, నీళ్ళలోకి దిగి, పడవలోంచి మార్తమ్మకి చెయ్యందించి ఒడ్డెక్కించాడు. "కూర్చోండి మామ్మగారూ, ఆయాసం తీరాక వెళ్దాం" అన్నాడు. ఆవిడ కూర్చుంది. రవికెలోంచి చుట్ట తీయబోయి, ఎదురుగా ఉన్నది ఉపదేశి అని గుర్తొచ్చి మానుకుంది. ఆయాసం తీరకముందే అసలు మాట అడిగింది.

"తేలిందా నాయనా, ఏ ఇంటివాడివో?"

"తేలింది మామ్మగారూ. నేను ఇక్కడే, మీ కాళ్ళ కింద మెట్టు మీదే దొరికాను. చింతలచేరు వారని చెప్పి మిమ్మల్ని ఒప్పిద్దామనుకున్నాను. అది నాది కాదు. రేపు చాటింపులో రేవు శౌరయ్య అని చదవమంటాను. మీకిష్టమైతేనే."

గట్టు మీద నిలబడి చూస్తున్న గురువుగారికి ఈ మాటలు వినబడ్డాయి. ఆయన కదల్లేదు. మార్తమ్మ తనకి తెలిసిన ఇళ్ళన్నీ మనసులో ఒకసారి చుట్టి వచ్చినట్టుంది.

"రేవు వారా? మా చుట్టుపక్కల ఎక్కడా లేరే."

"ఎక్కడా లేరండి. నేనొక్కణ్ణే."

"అయితే వరస తప్పుద్దన్న బెంగ లేదు" అంది ముసలమ్మ, చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ. "కొత్త పేరయితే ఏంలే. కుండ కొత్తదయితేనే నీళ్ళు చల్లగుంటయ్యి. పద, ఆ స్వామి దగ్గర తాంబూలం పుచ్చుకుందాం. ఆ పీట నేను మొయ్యలేను, నువ్వే తీసుకురా."

ఆ కాలవలో ఇప్పుడు పడవలు లేవు. రోడ్డు పడ్డాక రేవు మెట్లు సగం బురదలో కూరుకుపోయాయి. మనుషులు చెప్పాపెట్టకుండా మోటారు సైకిళ్ళ మీద వచ్చి, కూర్చోకుండానే వెళ్ళిపోతున్నారు. గురువుగారు ఆ గుడి ఆవరణలోనే నిద్రపోతున్నారు, రాతి మీద ఆయన ఇంటిపేరు తెలుగు అక్షరాల్లో ఉంది. ఆ రాతి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా శౌరయ్యకి చాటింపు ఆదివారమే గుర్తొస్తుంది. ఆ రోజు గుళ్ళో మొదటిసారి "రేవు శౌరయ్య" అన్న పేరు గట్టిగా చదివినప్పుడు ఎవరూ నవ్వలేదు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆడవాళ్ళ వైపు, పొద్దున పడవకి వచ్చిన ఆరోగ్యమ్మ ముసుగు సర్దుకుంది. పూజ అయ్యాక, గుండె నిండిపోయి, శౌరయ్య గురువుగారి వెనకే వెళ్ళి ఇంకొక్క ప్రశ్న అడిగాడు. రేవు వారంటే అర్థమేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారని.

గురువుగారు అప్పటికే వరండాలోకి ఎవరో వస్తుంటే పీట కోసం వంగుతున్నారు. వంగినవారు వంగినట్టే తలెత్తి చూశారు.

"నన్నెందుకయ్యా అడగడం? నీ మనవణ్ణి అడగమను."