నడుము లోతు

నక్కలను చంపకుండా ఆపే ఉపాయం హొన్నూరుకు తోచలేదు. చంపే ఉపాయాలు మాత్రం ఊరివాళ్ళ దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

కొండ మీద దర్గా. అందులో గురువు హజరత్, ఆయన శిష్యుడు హొన్నూరు. కొండ కింద కొద్ది గడపల పల్లె. ఆ పల్లెలో గొర్లకాపరి సుంకన్న కూతురు వాకిట్లో చాప మీద నిద్రపోతుండగా నక్క వచ్చి చెంప పట్టి ఈడ్చింది. తల్లి కేకకు వదిలి పారిపోయింది. పిల్లను పట్నం ఆసుపత్రిలో చేర్చారు. ప్రాణానికి భయం లేదన్నారు. కానీ పసిదానికి మాట పడిపోయింది.

మరునాడే సుంకన్న దర్గా మెట్లెక్కి వచ్చాడు. అతని చేతిలో పొలాల్లో చల్లే గుళికల మందు పొట్లం ఉంది. దాన్ని మేక పేగుల్లో కలిపి కొండ వెనుక పెడతానని, దర్గా హద్దు గనుక హజరత్ చెవిన వేయడానికి వచ్చానని చెప్పాడు. వద్దంటే ఆగే ముఖం కాదు అతనిది. వెంట వచ్చినవాళ్ళలో ఒకడు, మందు దండగన్నాడు. మాంసంలో నాటుబాంబు చుట్టి పెడితే, కొరికిన నక్కకు ఇక దవడే ఉండదని నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వలేదు.

హొన్నూరు ఉండబట్టలేక అడ్డు వచ్చాడు. పక్క ఊళ్ళో ఇలాగే మందు పెడితే నక్కల కంటే ముందు కుక్కలు చచ్చాయని, వాటిని పొడిచిన కాకులు చచ్చాయని, చివరకు ఆ నేల మీద గడ్డి మేసిన లేగదూడ కాళ్ళు కొట్టుకుంటూ పోయిందని గుర్తుచేశాడు.

సుంకన్న అతనివైపు తిరిగాడు.

"నీకు బిడ్డల్లేరు గదా, హొన్నూరప్పా" అన్నాడు.

అంతవరకూ తలవంచుకొని ఉన్న హజరత్ అప్పుడు నోరు విప్పారు.

"నెలవంక కనబడేదాకా ఆగు, సుంకన్నా."

"ఆగుతా సామీ. నీ మాట తీసెయ్యలేను. అవతల నెల పుట్టినాక ఒక్కటి నా వాకిలి తొక్కినా, మళ్ళీ అడగడానికి రాను."

వాళ్ళు దిగి వెళ్ళాక హొన్నూరు గురువు పాదాల దగ్గర కూర్చున్నాడు. ఏ ప్రాణికీ నొప్పి కలగని దారి ఏదైనా చెప్పమని వేడుకున్నాడు.

హజరత్ లేచి నిలబడి, "పార ఎక్కడుంది?" అన్నారు.

హొన్నూరు మూలన దుమ్ముపట్టి ఉన్న పారవైపు చూశాడు.

ఒకప్పుడు అతడు జొన్నచేలకు కాపలాదారు. మంచె మీద నిలబడి వడిసెలలో రాయి పెట్టి తిప్పితే ఎగిరే పిట్ట రెక్క విరిగి పడేది. గురి తప్పిందన్న మాట ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. అలా కూల్చి కూల్చి, ఒకనాడు చేలో పడి కొట్టుకుంటున్న పిట్టను చేతిలోకి తీసుకొని, ఇక ఏ జీవం మీదా చేయి ఎత్తనని ఒట్టు పెట్టుకొని, వడిసెలను హజరత్ పాదాల దగ్గర వదిలి శిష్యుడయ్యాడు. ఆ ఒట్టు మీద అతనికి అభిమానం ఉండేది. ఆ అభిమానం మెల్లగా గర్వమయిందని అతనికి తెలియలేదు.

మొక్కు తీరినవాళ్ళు దర్గాకు మేకపోతును తెచ్చి, కోసి, వండి పదిమందికి పెడతారు. దాన్ని కందూరు అంటారు. ఆ పేగులూ ఎముకలూ కొండ వెనుక నడుము లోతు గుంత తీసి పూడ్చే పని హజరత్ అతనికి అప్పగించారు. మొదటి కందూరు నాడు మోకాటి లోతు తవ్వేసరికి పారకు రాయి తగిలింది. తలెత్తి చూస్తే పొద చాటున ఒక నక్క, డొక్కలు లోపలికి పోయి, ఇటే చూస్తోంది. హొన్నూరుకు జాలి కలిగింది. చేతిలో ఉన్నది దానికి విసిరాడు. ఆ తరువాత గుంత తవ్వలేదు. గరిటెతో కందూరు వండే డేగిసా అంచు మీద కొడితే చాలు, మనిషంటే జంకు లేకుండా పొదల్లోంచి నక్కలు వచ్చేవి. అది తాను చేసే దానమనుకున్నాడు. గురువుకు తెలియదనుకున్నాడు.

ఇప్పుడు గురువు పార భుజాన వేసుకొని తిన్నగా ఆ చోటికే నడిచారు. ఎండకు తెల్లబారిన ఎముకల నడుమ నిలబడి తవ్వడం మొదలుపెట్టారు. హొన్నూరు పార అందుకోబోయాడు. ఆయన ఇవ్వలేదు. ముసలి చేతులు బొబ్బలెక్కాయి. రాయి తగిలిన చోట గడ్డపార తెమ్మని, ఆ రాతిని పెకలించి, మళ్ళీ తవ్వారు. చీకటి పడేలోగా ఎముకలన్నీ మట్టిలోకి వెళ్ళాయి.  తిట్టినా బాగుండునని హొన్నూరు అనుకున్నాడు.

మరునాడు హజరత్ కుంట నుంచి బంకమట్టి తెప్పించుకొని, ఉండలు చేసి, బండ మీద ఎండబెట్టారు. తగిలితే చురుక్కుమనాలి, ఎముక విరగకూడదు, అంత ఉండలు. సాయంత్రం వాటిని తెచ్చి హొన్నూరు ఒడిలో పోశారు. పైన వడిసెల పెట్టారు. అది హొన్నూరుదే. ఇన్నేళ్ళూ ఆయన దాచి ఉంచారు.

"హజరత్, చేయి ఎత్తనని ఒట్టు పెట్టే దీన్ని మీకిచ్చాను."

"గరిటె ఎత్తింది ఏ చేయి?"

హొన్నూరు వడిసెల చేతిలోకి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం డేగిసా మోగించాడు. నక్కలు వచ్చాయి. వడిసెల తిరిగింది. మొదటి ఉండ తగిలిన నక్క కీచుమని ఎగిరిపడి, పారిపోకుండా, ఏదో పొరపాటు జరిగిందన్నట్టు అతనివైపు చూసింది. రెండవది తగిలాక పరుగెత్తింది. అతడు ఏడుస్తూనే కొట్టాడు. గురి మాత్రం తప్పలేదు.

తుపాకీ మోత లేదు, డప్పు లేదు, కేక లేదు. కింద పల్లెకు ఏమీ వినబడలేదు. రోజూ అదే పని. కొన్నాళ్ళకు డేగిసా మోత వింటూనే పొదలు కదిలి, ఆ కదలిక దూరంగా పోయేది. ఆ పైన పొదలు కదలడమే మానాయి. నక్కల కూత అవతలి కొండ నుంచి వినవచ్చింది. అక్కడ రేగుపళ్ళు ఉన్నాయి, పొలాల్లో ఎలుకలు ఉన్నాయి. దర్గా లేనప్పుడు అవి తిన్నది అదే.

ఒక్కటి మిగిలింది. మొదటినాడు పొద చాటు నుంచి చూసిన నక్క అది. ఇప్పుడు ముసలిదయింది, ముంగాలు ఒకటి కుంటు. అతని చేతి దాపుకు వచ్చి రొట్టె ముక్క తీసుకున్నది అది ఒక్కటే.

హొన్నూరు వడిసెల తిప్పాడు. ఉండ దాని ముందు నేల మీద పడింది. నక్క కుంటుకుంటూ వచ్చి, తినేదనుకొని ఆ మట్టి ఉండను నోట కరుచుకొని, వదిలేసి, తల ఎత్తింది.

అతడు రుమాలులోని రొట్టె తుంచి విసిరాడు. ముసలిది, కుంటిది, ఎవరినేం చేస్తుందనుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి హజరత్ గడప మీద కూర్చొని ఉన్నారు.

"తగిలిందా?"

"తప్పింది, హజరత్."

"జొన్నచేలో ఎన్నడైనా తప్పిందా?"

హొన్నూరు వడిసెలను చుట్టి పక్కన పెట్టాడు.  హజరత్ వేళ్ళ మధ్య తస్బీ జపమాల పూసలు ఒక్కొక్కటే జారాయి.

నెలవంక కనబడింది. పసిదాన్ని ఆసుపత్రి నుంచి తీసుకువచ్చారని కబురు కూడా వచ్చింది.

రెండు మూడు రోజులకు, పొద్దెక్కే వేళ, సుంకన్న మెట్లెక్కి వచ్చాడు. ముసలి నక్కను వెనుక కాళ్ళు పట్టి తెచ్చి బండ మీద పడవేశాడు. దాని తల ఒక పక్క నలిగిపోయి ఉంది.

"నా పెండ్లాము రొట్టెలు కాలుస్తా ఉండె, సామీ. బిడ్డ వాకిట్లో రొట్టె చేత పట్టుకొని కూచునుండె. ఇది పట్టపగలు తిన్నగా లోపలికొచ్చె." తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "కరవలేదు. చెయ్యి చాచినోళ్ళ దగ్గరికి వచ్చినట్టు వచ్చి, ఎదురుగా నిలబడె. అంతే. ఆమె రోకలి ఎత్తి వేసింది."

బిడ్డ ఎలా ఉందని హజరత్ అడిగారు. అప్పటినుంచి తల్లి కొంగు వదలడం లేదని, రొట్టె చూస్తే ముఖం తిప్పుకుంటోందని సుంకన్న చెప్పాడు.

తరువాత రొంటిన ఉన్న గుళికల పొట్లం తీసి గడప మీద పెట్టాడు.

"మందు పెట్టను. మిగిలినవి ఒక్కటీ రాలేదు. నీ మాట నిలిచింది." నక్కవైపు చూశాడు. "ఇది ఒక్కటే ఎందుకొచ్చిందో తెలీదు."

 సుంకన్న మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

హజరత్ లేచారు. లోపలికి వెళ్ళి పార తెచ్చి శిష్యుని ముందు గోడకు ఆనించారు.

హొన్నూరు నక్కను రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. చాలా తేలికగా ఉంది. పార చంకన ఇరికించుకొని కొండ వెనుకకు వెళ్ళి, పొద పక్కన దాన్ని దించి, పార నేలకు ఆన్చి, వెంట వచ్చిన గురువువైపు తిరిగాడు.

"ఎంత లోతు తవ్వమంటారు, హజరత్?"

"మొదటి కందూరు నాడు చెప్పినంత."